పులస దారి, కూలి బాకీ

సముద్రంలో ఉన్నప్పుడు విలసగా పిలిచే చేప, గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది పులస అవుతుంది. ఆ ఈత నేడు చాలావరకు ధవళేశ్వరం దగ్గరే ఆగిపోతున్నందున ఎగువనున్న పట్టిసీమ రేవులో పులస అరుదు. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట, అంటే నీరు పైనుంచి పొర్లిపోయేలా నదికి అడ్డంగా కట్టిన రాతి గట్టు, డెల్టాను పంటభూమిగా మార్చింది. ఎగువ పల్లెకారులు పోగొట్టుకున్న వేటకు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

ఆనాటి ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదనడానికి వీల్లేదు. మత్స్యశాఖాధికారి ఫ్రాన్సిస్ డే 1873లో సమర్పించిన నివేదికలో సన్నకన్ను వలలతో పాటు, చేపలకు దారి విడవని ఆనకట్టలనూ తప్పుపట్టాడు. అయినా 1897 నాటి భారత మత్స్య చట్టం నీటిలో మందుగుండు పేల్చినవారికీ విషం కలిపినవారికీ రెండు నెలల వరకు ఖైదు లేదా 200 రూపాయల వరకు జరిమానా అని నిర్ణయించిందే కాని, ఆనకట్టలో చేపలదారి ఉండి తీరాలని ఎక్కడా అనలేదు. ఆ నిషేధాలు అవసరమైనవే. కాకుంటే చట్టం తన చేతికి అందేవాడినే పట్టుకుంది.

రొయ్యల చెరువుల కాలంలోనూ కూలివాడి వంతు చివరనే వచ్చింది. ముందుగా ఇచ్చిన బాకీకి మనిషి శ్రమను కట్టిపడేయడాన్ని, అంటే వెట్టిని, 1976 చట్టం నేరంగా ప్రకటించింది. తీరప్రాంత చెరువులను తొలగించాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో ఆదేశించినప్పుడు, ఏడాది పైబడి పనిచేసిన కార్మికులకు ఆరేళ్ల జీతం అదనపు పరిహారంగా ఇవ్వాలని కూడా చెప్పింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం మాత్రం చెరువులకు చట్టబద్ధతను చేకూర్చింది. 2024 మార్చిలో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఆంధ్ర రొయ్యల పరిశ్రమలో అప్పుల వెట్టి, బాలకార్మికత ఉన్నాయని నివేదించగా, ఎగుమతిదారులు ఖండించారు. తలకాయలు తీసి పొట్టు ఒలిచే షెడ్లలో పనిచేసే ఆడవాళ్లను పనిలో పెట్టేది చాలాచోట్ల కాంట్రాక్టరే కనుక, జవాబు చెప్పవలసిన యజమాని ఎవరన్న తగవు ఇంకా తెగలేదు.