తంగేడు మీద నింద

పొద్దు ఇంకా పొడవలేదు. చెరువు కట్ట మీద గడ్డంతా మంచు, మీ చెప్పులు అప్పుడే తడిసిపోయాయి. ఇవాళ ఎంగిలిపూల బతుకమ్మ. ఇది జగిత్యాల దగ్గర మా ఊరు. ముందు మా అమ్మ, చంకన గంప. వెనక మా అన్న కూతురు, పన్నెండేళ్ల పిల్ల. ఆ వెనక నేను, మీరు.

కట్ట దిగకముందే మొదటి తుమ్ము. ఆగకుండా ఏడు. పిల్ల అరచేత్తో ముక్కును కింద నుంచి పైకి తోస్తుంది. దగ్గరికొచ్చి చూడండి, ముక్కు మీద అడ్డంగా సన్నని గీత ఉంది. ఏళ్ల తరబడి అలా తోసి తోసి పడిన గీత అది. కళ్ల కింద నలుపు చూసి రాత్రుళ్లు ఫోన్ చూస్తోందని ఇంట్లో తిట్టారు. ముక్కు లోపల వాచి, రక్తం సాఫీగా కదలక వచ్చిన నలుపు అది.

"మల్ల సర్దయిందా బిడ్డా? తంగేడు పడ్తలేదు నీకు. ఇంటికి పో, పూలు మేం తెంపుకొస్తం," అంటుంది అమ్మ.

"నేనొస్త బాపమ్మా. నిరుడు గూడ పంపిచ్చిండ్రు."

సర్ది అయితే వారం పది రోజుల్లో పోతుంది. ఒళ్లు నొప్పులుంటాయి, ఒక్కోసారి జ్వరం కూడా. ఈ పిల్లకు జ్వరం లేదు. ముక్కులోంచి నీళ్లలా కారుతుంది, కళ్లు, అంగిట్లో కూడా దురద. వినాయక చవితికి మొదలై దీపావళి దాకా ఉంటుంది. మూడేళ్లుగా అంతే. పసుపు ఆవిరి పట్టి మా అమ్మ ఎంత అలసిపోయిందో నాకు తెలుసు.

తంగేడు కొమ్మ వంచి పువ్వును కళ్ల ముందు పెట్టుకోండి. పసుపుపచ్చటి రేకులు, నడుమ గోధుమరంగు కేసరాలు. దీని పుప్పొడి తుమ్మెదల్లాంటి వాటి కోసం దాచింది. అవి వచ్చి జుమ్మని ఊపితేనే రాలుతుంది. గాలికి లేచి ఊరి మీద పడే రకం కాదు. బతుకమ్మలో పేర్చే గునుగు తోటకూర కుటుంబానిది, దాన్ని మాత్రం పూర్తిగా విడిచిపెట్టలేం.

ఇప్పుడు కిందికి చూడండి. తంగేడు మొదట్లో నడుం ఎత్తున ఎదిగి నిల్చున్నది వయ్యారిభామ. మనం దాన్ని తోసుకుంటూనే వచ్చాం. ఒక్క పువ్వును గోటితో గిల్లండి, జొన్న గింజంత ఉంటుంది. తెల్లగా, అంచుకు ఐదు చిన్న మూలలు. వేలి మీద సన్నని పొడి మిగులుతుంది. 1950ల్లో పుణె దగ్గర కంటపడిన ఈ మొక్క అమెరికా గోధుమలతో వచ్చిందంటారు. ఒక్క మొక్క వేల గింజలు రాల్చి, ఇవాళ ఖాళీ ప్లాటు, రోడ్డు పక్క, చేను గట్టు అన్నీ ఆక్రమించింది. చేలల్లో పనిచేసేవాళ్ల కనురెప్పల మీద, మెడ చుట్టూ, మోచేతి మడతల్లో దద్దుర్లు తెచ్చేదీ ఇదే.

నెల తర్వాత కరీంనగర్‌లో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు గదిలో ఉన్నాం. సెట్రిజిన్ లాంటి మాత్రలు వారం ముందే ఆపమన్నారు, లేకపోతే పరీక్ష తేలదట. పిల్ల ముంజేతి లోపలివైపు పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క వేశారు. దుమ్ములో పురుగు, బొద్దింక, తోటకూర జాతి, వయ్యారిభామ. చుక్క చుక్కకూ చిన్న సూది మొనతో ఒక గిల్లు. ఇరవై నిమిషాలు గోక్కోకుండా కూర్చోవాలి. పిల్ల పెదవి కొరుక్కుంటోంది. పదో నిమిషానికి నాలుగో అంకె పక్కన చర్మం ఎర్రబడి, దోమ కుట్టినట్టు ఉబ్బింది. డాక్టరు స్కేలు పెట్టి కొలిచారు. మిగతావి చదునుగానే ఉన్నాయి.

"మరి తంగేడు?" అని అడిగింది పిల్ల.

ఆ ప్రశ్నకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అసలు మందు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. అది వెంటనే పనిచేయదు, పూర్తిగా పట్టుకోవడానికి కొన్ని రోజులు కావాలి. అందుకే పూత రాకముందే, కాలం మొదలవకముందే మొదలుపెట్టమన్నారు. తల కొద్దిగా ముందుకు వంచి, ఎడమ ముక్కుకు కుడిచేత్తో, కుడి ముక్కుకు ఎడమచేత్తో, మొన చెవి వైపు ఉండేలా కొట్టాలి. మధ్యగోడకు తగిలితే రక్తం వస్తుంది. దురద మరీ ఎక్కువైన రోజు మత్తు తక్కువుండే మాత్ర. దిబ్బడ విప్పే చుక్కల మందు మాత్రం మూడు నాలుగు రోజులు దాటొద్దన్నారు, దాటితే అదే ముక్కును మూసేస్తుంది. రాత్రిపూట దగ్గు, ఛాతీ బిగుతు, పిల్లికూతలు వస్తే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. అది ఉబ్బసం వైపు అడుగు కావచ్చు.

తొలకరి పడ్డాక మా అమ్మ చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని ఇంటి చుట్టూ వయ్యారిభామ పీకింది. పూత రాలేదు కాబట్టి ఎరువు గుంతలో వేశాం. పిల్లను దగ్గరికి రానివ్వలేదు.

మళ్లీ ఎంగిలిపూల పొద్దు. పిల్ల ముక్కు మీదుగా చున్నీ కట్టుకుంది. ఇంటికి రాగానే తలస్నానం, విడిచిన బట్టలు నేరుగా బకెట్లోకి అని ముందే ఒప్పందం. చున్నీ కిందికి లాగి, తంగేడు కొమ్మ వంచుకుని, పువ్వును ముక్కు దాకా తెచ్చుకుంది. ఒక్క తుమ్ము. ముందు నడుస్తున్న బాపమ్మ గంప పట్టుకుని ఆగి, వెనక్కి తిరిగి చూసింది. మేమందరం రెండో తుమ్ము కోసం చూశాం.

రాలేదు.

"నింపు బిడ్డా," అని గంప ముందుకు జరిపింది.