మైనరు చేతిలో తుపాకి గుర్రము

1984లో నేను కర్నూలు జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా కొత్తగా చేరినాను. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో గణవిభజన చెప్పుతుండగా వెనుక బెంచీ నుండి టక్కు టక్కుమని చప్పుడు వినవచ్చింది. పోయి చూస్తే ఒక పిల్లవాని కంపాసు పెట్టెలో బొటనవ్రేలంత వంకర ఇనుపముక్క.

"ఏమిరా ఇది?"

"తుపాకి గుర్రం సార్. మా జేజినాయనది. అటక మీద ఉండాది."

నాటు తుపాకిలో వెనుకకు లాగి విడిస్తే మందు అంటుకొనేటట్లు కొట్టే ముక్కకు గుర్రమని పేరు. తుపాకి అన్న మాట తుర్కీ నుండి వచ్చింది గాని, గుర్రం మన దొడ్డిలోనిదే. ఆ ముక్కను తీసి జేబులో వేసుకొని పాఠం ముగించినాను. అది ఆయుధమా, ఉత్త ఇనుమా అన్న సందేహం ఆనాడు నాకు కలుగలేదు. ఉద్యోగవిరమణ చేసి, తీరికగా చట్టాల పుస్తకాలు తిరగవేస్తున్న కాలంలో కలిగింది.

చట్టం దృష్టిలో ముక్క కూడా ఆయుధమే. లిట్టన్ ప్రభువు వైస్రాయిగా ఉండగా 1878లో వచ్చిన ఆయుధాల చట్టం తుపాకులు, కత్తులు, ఈటెలు, విల్లంబులతో పాటు ఆయుధాల భాగాలను, వాటిని తయారుచేసే యంత్రసామగ్రిని సైతం ఆయుధములనే పేరు క్రిందికి తెచ్చింది. కర్నూలు వారికి ఇది అంత వింతగా తోచి ఉండదు. అంతకు 39 ఏండ్ల ముందే, 1839లో, నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు కూర్చుతున్నాడని కుంపిణీవారు వచ్చి సోదా చేసినారు. ఫిరంగులే కాదు, వాటిని పోతపోసే ఏర్పాట్లు కూడా బయటపడినవి. నవాబు పదవి పోయింది. ఆయనను తిరుచినాపల్లికి పంపినారు. మరుసటి యేడు అక్కడే హత్యకు గురైనాడు. ఒక రాజ్యం తుపాకి విడిభాగాల మూలాన పోయిందంటే అతిశయోక్తే గాని, పూర్తిగా అబద్ధం కాదు.

దత్తమండలాలలో ఆయుధాల వేట అంతకంటె పాతది. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీకి ఇచ్చివేసిన తరువాత థామస్ మన్రో పాలెగాండ్ర సాయుధ బలగాలను విరిచివేసినాడు. అయినా 1846లో, అప్పట్లో కడప జిల్లాలో ఉండిన కోయిలకుంట్ల ప్రాంతంలో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడవడానికి జనానికి ఆయుధాలు కరువు కాలేదు. సైన్యాలు చెదరినవి గాని, అటకలను ఎవరు తడిమి చూడగలరు?

బాలుర సంగతికి వస్తాను. స్వతంత్ర భారతంలో పాత చట్టాన్ని తీసివేసి 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసినారు. 16 ఏండ్లు నిండనివాడు తుపాకిని గాని, మందుగుండును గాని సంపాదించరాదు, దగ్గర ఉంచుకొనరాదు, మోయరాదు అని దాని తొమ్మిదవ సెక్షను. తుపాకి అన్న మాటలో దాని భాగాలు కూడా చేరినవి కనుక గుర్రానికీ గొట్టానికీ అదే నియమం. 1983లో ఆ వయస్సును 21కి పెంచినారు. మేజరు కావడానికి 18 చాలు, ఓటుకు 1989 నుండి 18 చాలు. తుపాకి మీటకు మాత్రం ఇంకొక మూడేండ్లు ఆగవలె.

నాకు నచ్చిన సంగతి శిక్షల తారతమ్యం. వయస్సు చాలకుండా తుపాకి పట్టినవానికి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తెలిసి అట్టివానికి అమ్మినవానికి, బదలాయించినవానికి, కడకు బాగుచేసి ఇచ్చినవానికి కూడా అంతకంటె పెద్ద శిక్ష. పెద్దవాని తప్పు పెద్దదని చట్టం ఒప్పుకొన్నది. అట్లని బాలునికి తుపాకి తాకరానిదేమీ కాదు. ఎన్‌సీసీ విద్యార్థికి విధినిర్వహణలో మినహాయింపు ఉన్నది. 2016 నియమాల ప్రకారం 12 ఏండ్లు దాటినవారు పెద్దల పర్యవేక్షణలో గురి నేర్చుకొనవచ్చు.

ఇక 45వ సెక్షనులో ఒక విచిత్రమైన మినహాయింపు. తన దగ్గర గాని, మరొకరి దగ్గర గాని ఉన్న తక్కిన భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడు, చిన్న చిన్న భాగాలు ఉంచుకొనడం నేరం కాదట. ఇంగ్లీషు మూలంలో ఆ చిన్న భాగాలకు వాడిన విశేషణం 'మైనరు'. మైనరు అంటే బాలుడు, మైనరు అంటే చిల్లర ముక్క. మన తెలుగులోనైతే తాతల ఆస్తిని తగలేసే షోకిలా కూడా మైనరే. మూడు మైనర్లూ మా తరగతి గదిలో ఒకే బెంచీ మీద కూర్చున్నట్లు అనిపించి నవ్వుకొన్నాను.

నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. ఈ నియమాలన్నీ కొట్టులో కొనేవానిని, అమ్మేవానిని తలచుకొని వ్రాసినవి. మా కర్నూలు, కడప పల్లెలలో కక్షల కాలాన ఎక్కువగా పేలింది నాటుబాంబు. దానిని వయస్సు అడిగి ఎవరూ అమ్మరు. ప్రేలుడు పదార్థాల చట్టానికి 1978లో చేసిన సవరణ 18 నిండనివానిని దూరంగా ఉంచమన్నది నిజమే. కాని ఇంట్లో చుట్టే వస్తువుకు అంగడి గడప ఎక్కడిది? పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకొన్న పెద్దలకు ఏడేండ్ల వరకు కఠిన శిక్ష, 5 లక్షల జరిమానా అని 2015 బాలల న్యాయ చట్టం చెప్పేదాక, చట్టం చూపు సూటిగా ఇంటి పెద్ద మీద పడలేదని నా అభిప్రాయం.

ఆ సాయంత్రం పిల్లవాని తండ్రి బడికి వచ్చినాడు. ముక్కను చేతిలో పెట్టినాను. పంచె చెంగుతో తుడిచి, రొంటిన దోపుకొన్నాడు.

"పిల్లోనికేం తెల్దు సార్. దానికి గొట్టం లేదులే."

45వ సెక్షను ఆయన చదివి ఉండడు. చదివిన వకీలైనా అంతకంటె చక్కగా చెప్పలేడు. నేను కొత్తగా వచ్చినవాడిని, ఊరు రెండు వర్గాలుగా ఉండేది, ఇద్దరి పిల్లలూ నా తరగతిలోనే ఉన్నారు. గొట్టం ఏమైందని నేను అడగలేదు.