పాటకు పోదాం, కలిసి పోదాం

మగవాళ్లకు పోటీ సరదా, ఆడవాళ్లకు భయం అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మన చరిత్ర వేరేగా చెబుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు ఒక్కటై సారా కొట్టు మూయించారు. ఇంట్లో మొగుడికి ఎదురు చెప్పలేనివాళ్లే, గుంపుగా సారా వేలంపాట జరిగే చోటుకే పోయి అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలో రోజుకు రూపాయి పొదుపు కూడా ఆ ఉద్యమం వెంటే పెరిగింది.

2011లో అచ్చైన ఒక పరిశోధన గురించి ట్రైనింగులో విన్నాం. ఒంటరిగా పోటీకి దిగమంటే ఆడవాళ్లు మగవాళ్ల కంటే చాలా తక్కువ మంది దిగారంట. ఇద్దరిద్దరు జట్టుగా అంటే ఆ తేడా మూడింట రెండు వంతులు తగ్గిందంట. వినగానే మాకు దూబగుంటే గుర్తొచ్చింది.

మా పంచాయతీ చింతచెట్ల పాటకు ఎన్నడూ పోనివాళ్లం, ఈ ఏడాది పదిమందిమి కలిసి పోయాం. పాట మాకు దక్కలేదు. ఎంతవరకు పాడాలో ముందే అనుకోలేదు. మేం గుసగుసలాడుకునే లోపు పాట కొట్టేశారు. తప్పు మాదే. ధైర్యం గుంపు ఇస్తుంది గానీ లెక్క ముందే వేసుకోవాలి.

వచ్చే పాటకు ధర ఎంతో, ఎవరు పాడాలో తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. మీరూ మీ మీటింగులో మాట్లాడుకోండి.