తలదాచుకొను చోటు

తార్నాక యను పేరు తార్, నాకా యను రెండు మాటలు కలిసి యేర్పడినదని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. తార్ అనగా ఇనుప తీగె, నాకా అనగా కావలి చావడి. ఒకప్పుడచ్చట తోటకు తీగె కంచె వేసి, వచ్చిపోవువారిని విచారించుటకు కావలివారి నుంచిరట. నేనా పేటలో చిరకాలముగా కాపురమున్నవాడను. కంచె పేరిట వెలసిన ఆ పేటలోనే, రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట, కంచె మాట యటుంచి కప్పైనను లేనివారు దుకాణముల అరుగులమీదను, పై వంతెన క్రిందను పండుకొనుట చూచుచుందును. అట్టివారిని హైదరాబాదు నగరము నాటినుండి నేటివరకు ఎట్లు ఆదరించినదో, ఎచ్చట ఆదరింపక పోయినదో కొంచెము మనవి చేయ దలచితిని.

1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా ఈ నగరమును స్థాపించెను. కుతుబ్‌షాహీల కాలమున దారి పొడవున సరాయిలు వెలసినవి. విజయవాడ త్రోవలో హయత్ బక్షీ బేగము పేర వెలసిన హయత్‌నగరమున్నది. అచ్చటి మసీదు చుట్టును సరాయి గదులు వరుసగా తీర్చియున్నవి. గోలకొండ చెంత షేక్‌పేట సరాయిలో మనుష్యులకు గదులే గాక గుఱ్ఱములకును, ఒంటెలకును కొట్టము లుండెను. ఇంత దయగల యేర్పాటులోను ఒక్క లోపము కలదు. సరాయి బాటసారికి గాని దిక్కులేని వానికి గాదు. వచ్చినవానికి వేరొకచోట ఇల్లున్నదనియు, నాలుగు దినములుండి పోవుననియు తలచి కట్టిన కట్టడమది. మన పల్లెల సత్రములును అంతియే గదా. 1919లో నాంపల్లి రైలు స్టేషను ఎదుట కట్టిన సరాయియు రైలు దిగినవారి కొరకే. అదియు కాలక్రమమున శిథిలమై వాడుక తప్పినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి, ఒక్క దినములో నగరము రూపు మార్చినది. సుమారు 15,000 మంది మరణించిరని లెక్క. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తన దేవిడీల తలుపులు తెరపించి నిరాశ్రయులకు చోటిచ్చెను. నాటి ఉదయము మిద్దెలో నున్న వర్తకుడును, గుడిసెలో నున్న కూలియు సాయంకాలమునకు ఒకే చావడిలో ఒకే గంజికై యెదురు చూడవలసి వచ్చినది. ఇల్లు లేకుండుట వాని కర్మమని అంతకు ముందు తేలికగా చెప్పినవారికి ఆ మాట నోట రాలేదనుకొందును.

వరదల నాపుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి యోచన ననుసరించి 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తియయ్యెను. 1912లో ఆరాయిషె బల్దా యను నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు పేటలు తొలగించి వెడల్పు వీధులను, గాలివెలుతురులు గల యిండ్లను కట్టించెను. మంచి పనియే. అయినను వీధి కొరకు గుడిసె తీసివేసినప్పుడు, క్రొత్త యింటికి అద్దె యియ్యలేనివాడు ఎచ్చటికి పోవలెనను ప్రశ్న నాటినుండియే నగరమును వెంటాడుచున్నది.

ఇక తార్నాక ప్రక్కనున్న విశ్వవిద్యాలయపు మాట. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు 1917లో ఫర్మానా వెలువడినది. 1919లో పాఠము లారంభమయ్యెను. కాని దానికి సొంత యిల్లు లేదు! అడిక్‌మెట్టు గుట్టలలో 1934లో పునాదిరాయి వేసి, 1939 డిసెంబరు 4వ తేదీన ఆర్ట్సు కళాశాల భవనమును ప్రారంభించువరకు, ఇరువది యేండ్లు అది అద్దె కొంపలలోనే కాలక్షేపము చేసినది. అంతటి విద్యాపీఠమే అద్దెకుండగా పల్లెటూరి పిల్లవాని గతి యేమి? చదువుకు సీటు దొరకుట యొక యెత్తు, తల దాచుకొను చోటు దొరకుట మరియొక యెత్తు. ఆ కష్టము గుర్తించియే రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో రెడ్డి వసతిగృహము వెలసినది. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి కొంతకాలము కార్యదర్శిగా నుండిరి. తెలంగాణపు మారుమూల గ్రామములనుండి వచ్చినవా రెందరో అచ్చట నుండియే చదువుకొని పైకి వచ్చిరి.

కాని యొకరిచ్చిన కప్పు క్రింద నుండుట యన్న నేమో 1938 చివర విశ్వవిద్యాలయ విద్యార్థులకు తెలిసివచ్చినది. వందేమాతర గీతమును పాడరాదని అధికారులు శాసించిరి. పాడితీరుదుమని పిల్లలు పట్టుబట్టిరి. వందలకొలది విద్యార్థులు బహిష్కృతులై, చదువును వసతిని ఒక్కమారే పోగొట్టుకొనిరి. నాగపూరు విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులు కేదారుగారు వారిలో ననేకులను చేర్చుకొని ఆదరించిరి. ఇచ్చిన చోటు మాటకు కట్టుబడిన చోటైనచో, అది ఎప్పుడు జారిపోవునో చెప్పలేము.

ఈనాడును ఆ ఆవరణలో పేరు పట్టికలో లేకుండ స్నేహితుని గదిలో చాప పరచుకొని కాలము గడపు యువకులున్నారు. వారికి నాన్‌బోర్డర్లని పేరు. ఒకని భోజనమును ఇద్దరు పంచుకొని ఉద్యోగ పరీక్షలకు చదువుదురు. మీ యూరి పిల్లవా డొకడు వారిలో నుండవచ్చును. ఇంటికి వ్రాసిన ఉత్తరములో మాత్రము గది బాగున్నదనియే వ్రాయును.

2010లో సర్వోన్నత న్యాయస్థానము, ఆహారపు హక్కును గూర్చిన వ్యాజ్యములో, నిరాశ్రయులకు వసతి కల్పించుట ప్రభుత్వముల విధి యని ఆజ్ఞాపించినది. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకము ప్రకారము లక్ష జనమునకొక శాశ్వత వసతి యుండవలెననియు, అది రేయింబవళ్లు తెరచియుండవలెననియు, మనిషికి 50 చదరపు అడుగుల చోటు చూపవలెననియు నియమముండెను. హైదరాబాదులో నగరపాలక సంస్థ సేవాసంఘముల తోడ్పాటుతో ఇట్టివి నడిపినది. పెద్దాసుపత్రుల చెంత రోగుల వెంట వచ్చినవారికి గూడ కొన్ని వసతులేర్పడినవి. 2014లో ఐదు రూపాయలకు అన్నము పెట్టు కేంద్రములు వెలసినవి. 2025లో వానికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు పెట్టిరి. కూలివాని మధ్యాహ్నపు టాకలి తీర్చుటలో ఈ కేంద్రములు చేసిన మేలు గొప్పది. ఇందులో నాకు సందేహము లేదు.

అదే నగరములో 2017 నవంబరున, విదేశీయులు వచ్చు ఒక మహాసభకు ముందు, పోలీసు కమీషనరు రెండు నెలలు వీధులలో భిక్షాటనమును నిషేధించిరి. పట్టుకొన్న బిచ్చగాండ్రను కారాగార ఆవరణములలోని ఆశ్రమములకు చేర్చిరి. అచ్చట కూడు, పడక లేకపోలేదు. కాని అతిథుల కంట పడకుండుటకై యిచ్చిన పడకను ఆశ్రయమని పిలుచుటకు నాకు మనసొప్పదు.

బండియే యిల్లైనవారి సంగతి వేరు. ఎడ్లబండిమీద సంసారము మోసికొని తిరుగువారిని మీరెరుగుదురు. సంచారజీవనము చేయు పెక్కు జాతులను 1871 నాటి చట్టము పుట్టు నేరస్థులనుగా చూచినది. స్వతంత్రము వచ్చిన పిమ్మట, 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. నిన్నమొన్నటి దాక రిక్షా త్రొక్కువాడు రిక్షాలోనే కాళ్లు ముడుచుకొని పండుకొనెడివాడు. ఈనాడు ఆటో నడుపువాడు వెనుక సీటులో ఆ పనియే చేయుచున్నాడు. వసతిగృహమునకు పొమ్మన్నచో పోడు. బండి నెవరు కాపాడుదురు? అప్పుతో కొన్న బండి పోయిన, బ్రతుకే పోవును. అమెరికాలోని శాంటా బార్బరా పట్టణములో 2004 నుండి కార్లలో కాపురమున్నవారికి రాత్రివేళ నిర్భయముగా బండి నిలుపుకొను స్థలములు చూపుచున్నారు. ఒక మూల చోటు, నీటి కుళాయి, మరుగుదొడ్డి, ఒక కావలివాడు చాలును. అట్టి యోచన మన నగరమునకు పరదేశపు మాటయేమియు గాదు. షేక్‌పేట సరాయిలో మనిషితో గూడ గుఱ్ఱమునకును చోటుండెను గదా.

2011 జనాభా లెక్కలలో ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి నిరాశ్రయులను లెక్కించి, దేశమందు 17 లక్షల 70 వేలకు పైగా నున్నారని తేల్చిరి. కాలిబాటలు, గొట్టములు, వంతెనల క్రింది చోట్లు, గుడులు, రైలు ప్లాటుఫారములు అని యెచ్చటెచ్చట వెదకవలెనో ఆ నిర్వచనము చెప్పినది. అందులో బండి మాట లేదు. వోటు విషయమున మాత్రము నియమము మేలుగా నున్నది. ఇల్లు లేనివాడు కాగితము చూపనక్కరలేదు. తాను పండుకొను చోటు చెప్పిన చాలును. అధికారి రాత్రివేళ ఒకటికి రెండుమార్లు వచ్చి, అతడచ్చటనే నిద్రించుచున్నాడని కన్నులార చూచి, పేరు వ్రాసికొనవలెను.