అనంతపురం ప్రాంతంలో బాలల పోషకాహార లోపం, నివారణ

అనంతపురం ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోని రాయలసీమకు చెందిన కరువు పీడిత ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న పూర్వపు అనంతపురం జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజింపబడింది. బాలల ఆకలి, పోషకాహార లోపం ఈ ప్రాంతపు దీర్ఘకాలిక సమస్యలు. వీటి నివారణకు ప్రభుత్వ పథకాలు, పరిశోధనా సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు చేసిన కృషిని ఈ వ్యాసం వివరిస్తుంది.

భౌగోళిక నేపథ్యం

నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఈ ప్రాంతానికి బలహీనపడి చేరుతాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. డెల్టా ప్రాంతమైన కోనసీమలో కురిసే వాన ఇందుకు ఇంచుమించు రెట్టింపు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాగా అనంతపురాన్ని పేర్కొంటారు. వేదవతి (హగరి) నది ఒడ్డున దర్గా హొన్నూరు వంటి గ్రామాల వద్ద ఇసుక మేటలు పొలాలను కప్పివేస్తూ ఎడారిని తలపిస్తాయి.

ఇక్కడి ప్రధాన పంట వేరుశనగ. దీనిని స్థానికంగా చెనిక్కాయ అంటారు. వ్యాపార పంటగా ఇది విస్తరించిన కొద్దీ కొర్ర, జొన్న, రాగి వంటి తిండిగింజల సాగు తగ్గింది. వాన తప్పిన ఏడు పంటతో పాటు ఇంటి తిండికీ కొరత ఏర్పడుతుంది.

కరువుల చరిత్ర

1876-78 నాటి మహాక్షామం రాయలసీమను తీవ్రంగా దెబ్బతీసింది. ధాత నామ సంవత్సరంలో వచ్చినందున దీనిని ధాత కరువు అని పిలిచారు. 1952లో వచ్చిన కరువులో ప్రజల కొరకు గంజి కేంద్రాలు నడపవలసి వచ్చింది. ఈ జిల్లాలోని తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వం తన పెన్నేటి పాట కావ్యంలో సీమ ప్రజల పేదరికాన్ని చిత్రించాడు.

లోపం స్వరూపం

కరువు కాలపు ఆకలి అందరికీ కనిపిస్తుంది. పోషకాహార లోపం మాత్రం చాలావరకు కనిపించకుండానే హాని చేస్తుంది. కడుపు నిండా అన్నం తిన్నప్పటికీ మాంసకృత్తులు, ఇనుము, విటమిన్లు అందని బిడ్డ వయసుకు తగినట్లు ఎదగదు. వయసుకు తగిన ఎత్తు లేకపోవడాన్ని గిడసబారడం అనీ, ఎత్తుకు తగిన బరువు లేకపోవడాన్ని కృశించడం అనీ వ్యవహరిస్తారు. ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లల దండ చుట్టుకొలత 11.5 సెం.మీ. కంటే తక్కువ ఉంటే అది తీవ్ర లోపానికి గుర్తు. అట్టి బిడ్డకు అంటురోగాల వలన ప్రాణాపాయం ఎక్కువ.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళ లోపు పిల్లలలో 31.2 శాతం గిడసబారినవారు, 16.1 శాతం కృశించినవారు, 29.6 శాతం తక్కువ బరువు కలవారు. ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు వారిలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది.

పరిశోధన: హైదరాబాదు మిశ్రమం

1918లో కూనూరులో ప్రారంభమై, తరువాత హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ తక్కువ ఖర్చుతో ఇంట్లోనే చేసుకోదగిన ఆహార మిశ్రమాన్ని రూపొందించింది. దీనిని హైదరాబాదు మిశ్రమం అంటారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16 గ్రాములు, వేరుశనగలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు కలిపి దీనిని తయారుచేస్తారు. ఇది సుమారు 330 కేలరీల శక్తిని, 11.3 గ్రాముల మాంసకృత్తులను ఇస్తుంది. ఇందులోని వేరుశనగ అనంతపురం పొలాలలో పండేదే. అయితే రైతు పంటనంతా అప్పు తీర్చుటకు అమ్మివేసినప్పుడు ఇంటి బిడ్డకు అది దక్కదు.

ప్రభుత్వ పథకాలు

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో ప్రారంభమైంది. అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా ఆరేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పూర్వ ప్రాథమిక విద్య మొదలైన సేవలు అందుతాయి. మూడేళ్ళ లోపు పిల్లలకు బాలామృతం అనే పొడిని ఇంటికి ఇస్తారు.

బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి ఇది అమలైంది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు గల భోజనాన్ని హక్కుగా చేసింది. 2020లో భోజనంతో పాటు వేరుశనగ, బెల్లంతో చేసిన చిక్కీని, 2023 మార్చి నుండి పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు సహకారంతో రాగిజావను చేర్చారు.

2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సీతమ్మ (1841-1909) మామిడికుదురుకు సమీపాన గల లంకల గన్నవరంలో కులమత భేదం లేకుండా వేళకాని వేళలో వచ్చినవారికి సైతం అన్నం పెట్టిన మహిళ. నీరు సమృద్ధిగా ఉన్న కోనసీమలో వెలసిన అన్నదాత పేరు ఈ విధంగా కరువు సీమలోని బడులలోనూ వినబడుతున్నది.

స్వచ్ఛంద కృషి

స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ (1920-2009) 1969లో అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టును నెలకొల్పాడు. భార్య ఆనీ ఫెర్రర్‌తో కలిసి విద్య, వైద్యం, నీటి వనరులు, స్త్రీల సంఘాలు, గృహనిర్మాణం వంటి రంగాలలో పనిచేశాడు. బత్తలపల్లి, కళ్యాణదుర్గం ఆసుపత్రులు ఈ ట్రస్టుకు చెందినవి. నీరు, వైద్యం, తల్లి చదువు లేనిదే తిండి ఒక్కటే బిడ్డను కాపాడలేదన్న అవగాహన ఈ కృషిలో కనిపిస్తుంది.

మిగిలిన సమస్యలు

పని కొరకు తల్లిదండ్రులు బెంగుళూరు వంటి నగరాలకు వలస వెళ్ళినప్పుడు వెంట వెళ్ళిన బిడ్డ పేరు అంగన్‌వాడీ పుస్తకంలో ఉన్నప్పటికీ తిండి అందదు. ఊరిలో అవ్వాతాతల వద్ద ఉండిపోయిన పిల్లల పాలనా కష్టమే. మధ్యాహ్న భోజనం బడిలో చేరిన తరువాతనే దొరుకుతుంది. కాని గిడసబారడం చాలావరకు గర్భంలో పడిన నాటి నుండి మొదటి వెయ్యి రోజులలోనే జరుగుతుంది. ఆ కాలంలో తల్లికి మంచి ఆహారం, పుట్టిన గంటలోపు తల్లిపాలు, ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత పాలతో పాటు మెత్తని అనుబంధ ఆహారం, పరిశుభ్రమైన నీరు అవసరం. బడి పళ్ళెంలో పెట్టే గ్రుడ్డు ఎంత విలువైనదైనా, ఈ వెయ్యి రోజులలో కోల్పోయిన ఎదుగుదలను పూర్తిగా తిరిగి ఇవ్వలేదు.