జ్యువెలరీ మేకింగ్: ఇంట్లోనే గాజులు, పూసల సెట్లు చేయాలనుకుంటున్నారా? కొత్తవాళ్లు ముందు తెలుసుకోవాల్సినవి ఇవే!

చిత్తూరు: పది గ్రాముల బంగారం ధర 2025లోనే లక్ష రూపాయలు దాటేసింది. దీంతో వరలక్ష్మీ వ్రతమైనా, పెళ్లయినా చీరకు మ్యాచయ్యే సిల్క్ థ్రెడ్ గాజులు, పూసల సెట్లు, మట్టి జుంకాల వైపు చాలామంది చూస్తున్నారు. ఇంట్లోనే చేసి అమ్ముదామనుకునే మహిళలూ ఉన్నారు. కానీ వీడియో చూసిన ఉత్సాహంలో వేలు పోసి మెటీరియల్ కొంటే అది అల్మారాలోనే ఉండిపోతుంది. మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజుతోనే మొదలు

అన్నిటికంటే తేలిక సిల్క్ థ్రెడ్ గాజు. ప్లాస్టిక్ గాజులు, దారం రీళ్లు, ఫ్యాబ్రిక్ గ్లూ, స్టోన్ చైన్, కత్తెర ఉంటే చాలు. సుమారు 20 పోగులు కలిపి, కొసను జిగురుతో అంటించి, సందు కనిపించకుండా చుట్టుకుంటూ పోవాలి. జిగురు ఎక్కువైతే దారం పైకి వచ్చి మరక పడుతుంది. పట్టుదారం మెరుపంతా పోతుంది.

అసలు తిరకాసు సైజులో ఉంది. 2.4, 2.6, 2.8 అనేవి దశాంశాలు కావు. చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతులు. అంటే 2.8 గాజు లోపలి వ్యాసం రెండున్నర అంగుళాలు, 2.4 అయితే రెండుంపావు. స్కేలుతో 2.4 అంగుళాలు కొలిచి అదే నంబరు ఇస్తే గాజు చేతికి ఎక్కదు. ఆర్డర్ వెనక్కి వస్తుంది!

పూసల సెట్లకు కటర్, రౌండ్ నోస్, ఫ్లాట్ నోస్ ప్లయర్లు కావాలి. రింగును తెరిచేటప్పుడు పక్కలకు లాగొద్దు. ఒక కొస ముందుకు, ఇంకోటి వెనక్కి తిప్పాలి. లేదంటే మళ్లీ గుండ్రంగా మూసుకోదు, పూస జారిపోతుంది. తీగకు గేజ్ నంబర్ పెరిగేకొద్దీ సన్నమవుతుంది. కమ్మీలకు నికెల్ లేనివి అడగండి, కొందరికి చెవులు దురద పెడతాయి.

మట్టి నగలంటే జిల్లాలోనే పలమనేరు టెర్రకోట ఉంది. రంధ్రం మాత్రం మట్టి ఆరకముందే పెట్టాలి. నీడలో పూర్తిగా ఆరాకే కాల్చాలి, తడి ఉంటే పగులుతుంది.

మెటీరియల్, శిక్షణ

హోల్‌సేల్ సరుకుకు చెన్నై సౌకార్‌పేట దగ్గర. రోల్డ్ గోల్డ్ అంటే మచిలీపట్నమే. అయితే మొదటి పది జతలు అమ్ముడయ్యేదాకా హోల్‌సేల్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

గ్రామీణ యువతకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో కాస్ట్యూమ్ జ్యువెలరీపై 13 రోజుల కోర్సు ఉంది. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. తిరుపతి వైపు వాళ్లకు చంద్రగిరిలో యూనియన్ బ్యాంక్ ఆర్‌సెటీ ఉంది. ఈ కోర్సు బ్యాచ్ ఎప్పుడో అక్కడే కనుక్కోవాలి. పీఎం విశ్వకర్మ పథకం వేరు, అందులోని 18 వృత్తుల్లో కంసాలి పని ఉంది కానీ దారం గాజులు లేవు.

ధర దగ్గర చాలామంది కూలి మర్చిపోతారు. ఉదాహరణకు మెటీరియల్‌కు 60 రూపాయలు, రెండు గంటల పనికి 100 అనుకుంటే, 150కి అమ్మిన జతపై పది రూపాయలు నష్టమే. ప్యాకింగ్, కొరియర్ ఇంకా కలపలేదు.