మడ్‌గార్డుకి గార్డెవరు?

ఆఫీసులో రోజూ చూస్తుంటామే డాష్‌బోర్డు, అది అసలు ఎందుకు పుట్టిందో తెలుసా? బురద ఆపడానికి! పందొమ్మిదో శతాబ్దంలో గుర్రపు బగ్గీకి ముందువైపు అడ్డంగా ఒక చెక్కో తోలుపలకో బిగించేవారు, డెక్కలు ఎగజిమ్మే బురదా రాళ్ళూ తోలేవాడి మీద పడకుండా. దాని పేరే డాష్‌బోర్డు. గుర్రం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడందులో బురద బదులు ఎర్ర అలారాలు కనిపిస్తాయి, అంతే తేడా :)

కార్లలో ఆ పని చక్రాల మీది రేకులకొచ్చింది. మనం మడ్‌గార్డంటాం, అమెరికావాళ్ళు ఫెండరంటారు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ ఫొటో ఎక్కడైనా చూడండి. మడ్‌గార్డులు విడిగా, బోల్టులతో బిగించి ఉంటాయి. సొట్టపడితే విప్పేసి ఇంకోటి వేసుకోవడమే. మన భాషలో లూజ్ కప్లింగ్ అన్నమాట.

తర్వాత్తర్వాత డిజైనర్లు దాన్ని కారు ఒంట్లో కలిపేస్తూ వచ్చారు. 1949 మోడల్ ఫోర్డు నాటికి పక్కలు చదునుగా అయిపోయి, విడి మడ్‌గార్డన్నదే లేకుండా పోయింది. లోపల చోటు పెరిగింది, చూడ్డానికీ బాగుంది. కాకపోతే కాపలావాణ్ణి తీసుకొచ్చి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టయింది. రాళ్ళ దెబ్బలు తినాల్సిందీ అదే, తళతళా మెరవాల్సిందీ అదే!

దాంతో కాపలాకి కాపలా అవసరమైంది. 1974లో పారిస్ ప్రదర్శనలో పెట్టిన పోర్షే 911 టర్బోకి వెనక మడ్‌గార్డులు బాగా ఉబ్బి ఉంటాయి. ముందు చక్రాలు విసిరే రాళ్ళన్నీ వాటికే తగులుతాయి. అందుకని అక్కడ నల్లటి స్టోన్‌గార్డు ముక్కలు అతికించారు. ఇప్పుడు అందరూ వేయించుకుంటున్న పారదర్శక ఫిల్ముకైతే యుద్ధ చరిత్రే ఉంది. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలు ఇసుకకి అరిగిపోకుండా త్రీ ఎమ్ కంపెనీ చేసిన పాలీయురేథేన్ టేపుకి అది వారసురాలు.

ఇక మన అంబాసిడర్ సంగతి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1957లో మొదలై, 2014లో ఉత్తరపారాలో ఆగిపోయింది. మా మామయ్య దగ్గర ఇంకా ఒకటుంది. దానికీ ఫిల్ము వేయిద్దామని మా బావమరిది పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. ఎప్పుడో లప్పం పెట్టి వేసిన రంగు అది. పట్టు సరిగ్గా లేని రంగు మీద ఫిల్ము అతికిస్తే, తీసేరోజున రంగుతో సహా ఊడొస్తుంది.

నా మటుకు నాకు అసలు శత్రువు బయట తగిలే కంకర రాయి కాదు. దాని మచ్చ కంటికి కనిపిస్తుంది, కొంచెం ప్రైమరూ రంగూ అద్దితే ఆగుతుంది. మడ్‌గార్డు లోపలివైపు మూలల్లో పేరుకునే తడి మట్టే ప్రమాదం. నెలల తరబడి తేమ పట్టుకుని లోపల్నుంచి రేకుని తినేస్తుంది. రంగు బుడగలెత్తి మనకి తెలిసేసరికి బయట మిగిలేది తుప్పే. లాగ్‌లో ఎర్రరు రాకుండా డేటా పాడైపోవడం మనకేం కొత్త కాదుగా!

అందుకని మామయ్య కారుకి చేసినవి మూడే: చక్రాల వెనక రబ్బరు మడ్‌ఫ్లాపులు, లోపలివైపు తుప్పు పట్టనివ్వని పూత, వానాకాలంలో వారానికోసారి పైపుతో అడుగు కడగడం. ముందువైపు రాళ్ళ మచ్చలు నాలుగైదున్నాయి, ఉండనివ్వండి. ఆ రేకు పుట్టిందే అందుకు. మనం చూసుకోవాల్సింది అది ఇంకో ముప్పై ఏళ్ళు దెబ్బలు తినగలిగేలా ఉండటం. ఏమంటారు?